జోలె పట్టినవాని ధర్మము

లోకోపకారమునకై జోలె పట్టుట సామాన్యమైన పని కాదు. తనకొరకు యాచించువానికి ఆకలియే ధైర్యము నిచ్చును. పరులకొరకు యాచించువానికి అట్టి తొందర లేదు. సిగ్గు, అభిమానము, అలసట అడుగడుగునకును అతనిని వెనుకకు లాగుచుండును. గావుననే పదిమంది కూడి ఒక పాఠశాలనో, వైద్యశాలనో, అనాథాశ్రమమునో స్థాపింప సంకల్పించినపుడు ఉపన్యాసములకును, తీర్మానములకును, అధ్యక్షపీఠములకును మనుష్యులు కావలసినంతమంది దొరకుదురు గాని, ఎండయనక వానయనక ఇంటింటికి పోయి చందాలు తెచ్చువాడు ఒక్కడు దొరకుట దుర్లభమగుచున్నది. దొరకిన ఆ యొక్కనిని మనమేమి చేయుచున్నాము? వాని పనిని వానిని చేసికొననిచ్చుచున్నామా? అతడైనను ఆ పనినే పట్టుకొని యుండుచున్నాడా? ఈ ప్రశ్నలను నేడు మా పాఠకుల యెదుట నుంచదలచితిమి.

మేమెరిగిన ఒక విద్యార్థి వసతిగృహము గోదావరీతీరమున నొక పట్టణమునందు కలదు. అందు తలిదండ్రులు లేని నలువదిమంది బాలురు చదువుకొనుచుండిరి. దానికి చందాలు వసూలుచేయువారు ఉద్యోగవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయులు. వారు మొదటి రెండు సంవత్సరములును మార్గశిర పుష్యమాసములందు కుప్పనూర్పిళ్ల వేళకు గ్రామములు తిరిగి, కళ్లములయొద్దనే ధాన్యపు బస్తాలు సేకరించుచుండిరి. కళ్లములో నిలిచియున్న రైతు చేయి ధారాళమైనది. ధాన్యము మిల్లునకు పోయి, అప్పులవారికి చెల్లింపులైన పిదప ఆ చేయియే సహజముగ ముడుచుకొనును. ఈ మర్మము ఆ వృద్ధునకు తెలియును. అందుచేత ఏటికి సరిపడు బియ్యము రెండు నెలలలో సమకూరుచుండెను.

మూడవయేట కార్యనిర్వాహకవర్గమువారు ఆయన సామర్థ్యమును చూచి మురిసి, వార్షికోత్సవ భారమును గూడ ఆయనపైననే పెట్టిరి. పందిళ్లు, ఆహ్వానపత్రములు, పెద్దలను పిలుచుట, పూలమాలలు, ఛాయాచిత్రములు ఆయన వంతాయెను. పిదప క్రొత్త గదులకు ఇటుక, సిమెంటు బేరములు వచ్చెను. అటుపై సభ్యులలో పుట్టిన ఒక తగవును తీర్చుటయు ఆయన తలపైననే పడెను. ఉత్సవము దివ్యముగ జరిగినది. పత్రికలలో బొమ్మలు పడినవి. కాని ఆ సంవత్సరము కళ్లములయొద్దకు ఎవ్వరును పోలేదు. ఫాల్గుణమాసమునకు బియ్యపు వర్తకుని బాకీ పెరిగినది. వేసవి సెలవులకు ఊళ్లకు పోయిన బాలురలో సగముమందిని మరల రావలదని ఉత్తరములు వ్రాయవలసివచ్చెను.

ఇందు ఒక్క పైసయు అపహరింపబడలేదు. ఎవరును సోమరులు కారు. అందరును రేయింబవళ్లు శ్రమించిరి. ఐనను ఇరువదిమంది బాలురకు అన్నమును, చదువును లేకపోయెను. ఇది దుర్మార్గమువలన కలిగిన నష్టము కాదు. దారి తప్పిన శ్రమవలన కలిగిన నష్టము. దొంగతనమును పట్టుకొనుటకు చట్టములు గలవు. దీనిని పట్టుకొను చట్టమేదియు లేదు. గావుననే ఇది మరింత భయంకరమైనది.

ఇట్లేల జరుగుచున్నదని విచారింపగా, దోషము కార్యవర్గమువారిది మాత్రమే కాదని తోచును. అడుగుట కష్టము, తక్కిన పనులన్నియు సుఖము. ఒక ధనికుని వాకిట గంటసేపు కూర్చుండి లేదనిపించుకొని వచ్చుటకంటె, కార్యాలయములో కూర్చుండి ఆహ్వానపత్రపు ముసాయిదా దిద్దుట మనస్సునకు హాయి. సాయంకాలమునకు దేహమలసియుండును గావున నేడు చాల పనిచేసితిమను తృప్తియు కలుగును. అడిగిన ఇండ్లెన్ని యని తన్ను దాను ప్రశ్నించుకొనినచో అప్పుడు నిజము బయటపడును. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దలు చెప్పిన మాట ఊరక చెప్పినది కాదు.

జోలె పట్టినవాని ధర్మములు నాలుగే. అడుగవలసినవారిని స్వయముగ పోయి అడుగుట మొదటిది. పుచ్చుకొనిన ప్రతి పైసకును రసీదిచ్చుట రెండవది. ఆ ధనమును ఆలస్యము లేక కోశాధికారికి చేర్చుట మూడవది. ఆ ధనముతో జరిగిన పనిని దాతకు మరల పోయి చెప్పుట నాలుగవది. ఈ నాలుగింటిలో ఏదైనను చెడుచున్నంతకాలము ఐదవ పని యెంత గొప్పదైనను అతనికి తగదు. ఇది మా కల్పన కాదు. మన దేశచరిత్రలో ప్రజాధనమును పోగుచేసినవారి అనుభవమే దీనికి సాక్ష్యము.

1894వ సంవత్సరమున గాంధీమహాత్ములు దక్షిణాఫ్రికాలో నేటాలు ఇండియను కాంగ్రెసును స్థాపించిరి. ఆరంభమున నెలకు కనీసము ఐదు షిల్లింగుల చందా ఏర్పరచిరి. ఉత్సాహముతో పేర్లు వ్రాయించుకొనినవారు పలువురు. నెలనెల చెల్లించినవారు కొందరు. ఈ వసూళ్లకే కాలమంతయు పోవుచుండుట చూచి, వారు చందాను సంవత్సరమునకు కనీసము మూడు పౌనులుగ మార్చిరి. అప్పుచేసి ప్రజాకార్యము నడపరాదని వారు మొదటనే నేర్చుకొనిరి. ఒకమారు టొంగాట్ అను గ్రామమునకు చందాలకై పోయిరి. ఆతిథ్యమిచ్చిన గృహస్థునినుండి ఆరు పౌనులు ఆశించిరి. ఆయన మూడింటికి మించి ఇయ్యననెను. అందరకును ఆకలిగానున్నది. భోజనము సిద్ధముగనున్నది. ఐనను మూడింటితో తృప్తిపడినచో తక్కినవారును అట్లే తగ్గింతురని గ్రహించి, రాత్రియంతయు విస్తరి ముట్టక కూర్చుండిరి. తెల్లవారుజామునకు ఆయన ఆరు పౌనులిచ్చి విందుచేసెను. ఈ వార్త దూరప్రాంతములకు గూడ వ్యాపించి వసూళ్లను సుగమము చేసినది.

ఈ కథను మొండిపట్టునకు నిదర్శనముగ చెప్పుట లేదు. నేడు ఒక గృహస్థుని వాకిట అట్లు కూర్చుండుట మర్యాద కాకపోవచ్చును. గమనింపవలసినది వేరొకటి. ఆ రాత్రి వారికి ఉన్నది ఒక్కటే పని. భోజనము, నిద్ర, ఇతర సంభాషణము ఏదియు ఆ పనికి అడ్డురాలేదు. అంతకంటెను ముఖ్యమైనది లెక్క. ఎంత చిన్న మొత్తమునకైనను రసీదిచ్చుట, పైసతో సహా పద్దు వ్రాయుట అక్కడి నియమము. 1894 నాటి లెక్కపుస్తకములు ఇప్పటికిని చెక్కుచెదరక దొరకునని మూడు దశాబ్దముల పిదప ఆత్మకథలో వ్రాసికొనగలిగిరి. లెక్కలు శుద్ధముగ లేనిచోట సత్యమునకును శుద్ధి లేదని వారి విశ్వాసము.

ఆ విశ్వాసమే పిదప మన తెలుగునేలపై మహాకార్యమునకు మూలమైనది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడయందు అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై, తిలక్ స్వరాజ్యనిధికి కోటిరూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమున ఇరువదిలక్షల రాట్నములు జూన్ 30లోపల కావలెనని నిర్ణయించెను. మూడే నెలల గడువు! తంతి తపాలాలు తప్ప వేరు సాధనములు లేని కాలము. ఐనను నిధి గడువునాటికి కోటిరూపాయలను మించెను. ఇది ఎట్లు సాధ్యమయ్యెను? దేశమందు ఉత్సాహము నిండియుండుట ఒక కారణము. అడుగవలసిన మొత్తము, అడుగవలసిన గడువు, అడుగుటకు హేతువు అను మూడును పల్లెలోని కార్యకర్తకు గూడ ఒక్క ఊపిరిలో చెప్పగలిగినంత స్పష్టముగ నుండుట రెండవ కారణము. మరియొకటి కలదు. అడిగిన చేయియు, దాచిన చేయియు వేరువేరు. కాంగ్రెసు కోశమును జమ్నాలాల్ బజాజ్‌గారు వహించుచుండిరి. జోలె పట్టినవాడే పెట్టెతాళమును గూడ తన మొలకు కట్టుకొనినచో, అతడెంత సత్యసంధుడైనను లోకము వేలెత్తి చూపును. తాళము మరియొకరి చేతనున్నచో అతనికి నిందాభయమును తప్పును, అడుగుటకు కాలమును చిక్కును.

ఆ సమావేశము ముగిసిన వెంటనే గాంధీజీ కాకినాడకు పోయిరి. అప్పటికి పండ్రెండేండ్లైనను నిండని బాలికయగు దుర్గాబాయి, దేవదాసీలకును ముస్లిం స్త్రీలకును మహాత్ముని మాట వినిపింపదలచెను. నిర్వాహకులు ఐదువేల రూపాయల నిధి సమకూర్చినచో కొన్ని నిమిషముల కాలమిత్తుమనిరి. ఆ బాలిక చిన్నబుచ్చుకొనలేదు. నిర్వాహకులతో వాదులాటకును దిగలేదు. పోయి అడిగినది. సమాజము చిన్నచూపు చూచిన ఆ దేవదాసీలే ఆ మొత్తమును కూర్చిరి. మహాత్ములు వచ్చి అనుకొనినదానికంటె ఎక్కువసేపు మాటలాడగా, స్త్రీలు తమ నగలను ఒలిచి యిచ్చిరి. మొత్తము ఇరువదియైదువేలవరకు చేరినదని ఆమె పిదప తన జ్ఞాపకములలో చెప్పుకొనెను. ఈయలేరని మనమనుకొనినవారిని అడుగకుండుటయే మన పెద్ద పొరపాటని ఈ వృత్తాంతము నేర్పుచున్నది.

ఆమెయే రెండేండ్ల పిదప, 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినపుడు, ఖద్దరు ప్రదర్శనశాల ద్వారముకడ స్వచ్ఛందసేవికగా నిలిచెను. టిక్కెట్టు లేనివారిని విడువరాదని ఆమెకిచ్చిన ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూగారు టిక్కెట్టు లేకయే రాగా వారిని గూడ నిలిపివేసెను. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చిన పిదపనే లోనికి విడిచెను. నెహ్రూగారు ఆగ్రహింపక ఆ బాలికను మెచ్చుకొనిరి. తనకు అప్పగించిన ద్వారమును తాను కాచుట, ఆ ద్వారమునకు ఎంతటివారు వచ్చినను నియమమును సడలింపకుండుట అనునదియే ఆమె పాఠము. ఆమె 1937లో మదరాసున స్థాపించిన ఆంధ్రమహిళాసభ పిదప పాఠశాలలుగ, వైద్యశాలలుగ పెరిగినదన్నచో, ఆ పునాది కాకినాడ ద్వారముకడ పడినదని మేము తలంతుము.

బందరునందు ఆంధ్రజాతీయ కళాశాల 1910లో వెలసినది. కోపల్లె హనుమంతరావుగారు న్యాయవాదవృత్తిని విడిచి దానికే జీవితమును ధారవోసిరి. 1922లో అకాలమరణము పొందువరకును వారికి వేరు లోకము లేదు. వారి మిత్రులు ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో కన్నుమూయువరకు కృష్ణాపత్రిక సంపాదకత్వమును విడువలేదు. మరియొక మిత్రులు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు రాజకీయములందును, బ్యాంకుల స్థాపనయందును కృషిచేసిరి. 1923లో ఆంధ్రాబ్యాంకు వారి చేతిమీదుగ వెలసినది. ముగ్గురును ఒకే ఆశయమునకు కట్టుబడినవారు. ముగ్గురును ఒకరికొకరు తోడ్పడిరి. కాని ఒకరి కాడిని మరియొకరు తమ మెడకెత్తుకొని రెండు పొలములను బీడు పెట్టలేదు. తోడ్పాటు వేరు, పని మార్చుకొనుట వేరు. ఈ భేదమును మన సంస్థలు మరచినవి.

ఇక నేటి స్థితిని చూతము. సెల్‌ఫోను తెరపై క్షణములో రూపాయి చేతులు మారుచున్నది. వాట్సాపులోను, ఫేస్‌బుక్కులోను ఒక విన్నపము వేలమందికి చేరుచున్నది. ఇవి మంచి సాధనములు, వద్దనువారము కాము. కాని ఇవియే నేటి క్రొత్త వార్షికోత్సవములైనవి. ఉదయము లేచినది మొదలు బొమ్మలు పెట్టుట, మెచ్చుకోళ్లు లెక్కించుట, విమర్శలకు బదులిచ్చుట అను పనులతో విరాళసేకర్త కాలము గడచిపోవుచున్నది. మెచ్చుకొనిన వేయిమందిలో ఇచ్చినవారెందరని విచారించునప్పటికి మాసాంతమగును. వేయిమందికి పంపిన విన్నపము ఎవ్వరికిని పంపనట్లేయైనను, ఒక్కని పేరుపెట్టి పిలిచి యెదుట కూర్చుండి అడిగిన మాటకు నేటికిని విలువ తగ్గలేదు.

మరియొక దోషము. క్రొత్త దాతలకై పరుగులిడుచు పాతవారిని మరచుట. నిరుడిచ్చిన గృహస్థునకు ఒక్క ఉత్తరము వ్రాయరు. అతని ధనముతో ఎందరు చదివిరో చెప్పరు. మరల అవసరము వచ్చినపుడు మాత్రమే అతని గుమ్మము జ్ఞప్తికి వచ్చును. ఏరు దాటి తెప్ప తగులబెట్టుట యన నిదియే. వెన్న చేతబెట్టుకొని నేతికై ఊరంతయు తిరుగుట యనినను చెల్లును. ఒకమారు ఇచ్చి సంతోషించినవాడు రెండవమారు ఇచ్చుటకు సగము సిద్ధపడియేయుండును. ఆ సంతోషమును కలిగించుటయే సేకర్త నాలుగవ ధర్మము.

రసీదుల విషయమున నేడు ధర్మమునకు చట్టము గూడ తోడైనది. 2021-22 ఆర్థికసంవత్సరమునుండి, దాతలకు పన్ను రాయితీ కల్పించు సంస్థలు విరాళముల పట్టికను ఆదాయపుపన్ను శాఖకు సమర్పించి, దాతకు ధ్రువపత్రమునియ్యవలసియున్నది. రెండువేల రూపాయలకు మించిన నగదు విరాళమునకు ఆ రాయితీ వర్తింపదు. దాత పేరు, వివరములు పుచ్చుకొనిననాడే సరిగా వ్రాసికొననిచో సంవత్సరాంతమున సంస్థయు, దాతయు చిక్కులపడుదురు. నాడు మనస్సాక్షికై వ్రాసిన పద్దు నేడు చట్టమునకై గూడ వ్రాయవలెను. ఏ కారణముచేతనైనను వ్రాయుట ముఖ్యము.

జోలె పట్టినవానికి జీతమియ్యవచ్చునా యని కొందరు సందేహింతురు. తప్పక ఇయ్యవలెను. అతనికిని కుటుంబము కలదు. కాని తెచ్చినదానిలో ఇంత శాతమను బేరము మాత్రము పనికిరాదు. అమెరికాలో 1960లో ఏర్పడిన విరాళసేకర్తల సంఘము గూడ తన నియమావళిలో ఇట్టి శాతపు వేతనమును నిషేధించినది. శాతము రుచి మరగినవాడు సంస్థకు హితమైన దానమును విడిచి తనకు లాభమైన దానమును వెదకును. దాతకు ఈ సంగతి తెలిసిననాడు ఆ వాకిలి ఎల్లప్పటికిని మూతబడును.

ఇప్పుడు కార్యవర్గమువారికి ఒక మాట. మీ సేకర్త సమర్థుడగుటయే అతనిపై మరి నాలుగు పనులు మోపుటకు కారణము కారాదు. ఉత్సవమునకు వేరొకరిని చూడుడు. కట్టడమునకు వేరొకరిని నియమింపుడు. తగవులను మీరే తీర్చుకొనుడు. పంటలకాలమున అతనిని ఊరిలో కనబడనీయకుడు. వారమునకొకమారు అతనిని రెండే ప్రశ్నలడుగుడు: ఎందరిని అడిగితివి? ఎందరికి కృతజ్ఞత చెప్పి వచ్చితివి? ఎంత వచ్చినదను ప్రశ్నకు కోశాధికారి పుస్తకమే బదులు చెప్పును.

కడపట దాతలగు మా పాఠకులకు గూడ కొంత బాధ్యత కలదు. భూవసతి గలవారు, పట్టణములందు వృత్తివ్యాపారములు చేయువారు మీరు. జోలెతో వచ్చినవానిని మూడుమార్లు త్రిప్పి నాలుగవమారు లేదనుటకంటె మొదటిమారే లేదనుట పుణ్యము. అతని మూడు దినములు మరి మూడు గుమ్మములకు చెందును. ఇచ్చు వెయ్యికి పదివేల విలువగల శిలాఫలకమును కోరకుడు. మీ మేనల్లుని ఉద్యోగమునకు సిఫారసులను, మీ గ్రామకక్షలలో సాక్ష్యములను అతనినుండి ఆశింపకుడు. రసీదును మాత్రము తప్పక అడుగుడు. సంవత్సరాంతమున లెక్కలను అడుగుడు. అట్లడుగుట అవమానించుట కాదు. అతని పనికి మీరు చేయు సహాయమది.

ఆ వసతిగృహపు వృద్ధోపాధ్యాయుని మేము ఇటీవల చూచితిమి. కార్యవర్గమువారు బుద్ధి తెచ్చుకొని ఆయనను తక్కిన పనులనుండి విడిపించిరట. చేతిసంచిలో రసీదుపుస్తకము, మడచిన గ్రామముల జాబితా, ఒక కండువా. కుశలప్రశ్నలైన పిదప ఆగుమనగా, కళ్లములు లేచిపోవునని సెలవు తీసికొని బస్సెక్కిరి. ఇరువది ఉత్తరములు వ్రాసి రావలదన్న బాలురలో ఎందరిని మరల పిలువగలరో ఆ సంచి బరువే నిర్ణయించును. ఆయన దారికి మనమెవ్వరమును అడ్డుపడకుందుము గాక.